వంటింటి దాకా వచ్చిన భాష

యాలకులు దంచుతున్నాను. ఇంగ్లండు దక్షిణాన బేసింగ్‌స్టోక్‌లో మేము ఈ ఇంట్లోకి మారినప్పుడు అమ్మ సామర్లకోట నుంచి సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తెచ్చిన చిన్న రాతి కల్వం ఇది. విమానాశ్రయంలో దీన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆయుధం కాదని తేల్చుకోవడానికి వాళ్ళకి చాలాసేపు పట్టిందట. ఇవాళ మా అమ్మాయి అన్వి పుట్టినరోజు. దాని స్నేహితులకి కేకు, మాకు సేమ్యా పాయసం. రెండు దెబ్బలకి కాయ చిట్లి, గింజలు నలిగి, వాసన పైకి లేచింది. ఈ వాసనకి తెలుగువాళ్ళెవరికైనా పండగో పెళ్ళో గుర్తుకొస్తుంది. నాకు మాత్రం ఇంగ్లండు ఉత్తరాన, టైన్ నది సముద్రంలో కలిసే నార్త్ షీల్డ్స్‌లో, గట్టు మీది ఒక ఇంటి వంటగది గుర్తుకొస్తుంది. నార్వే నుంచి కోడలిగా వచ్చి జీవితమంతా అక్కడే గడిపిన మారిట్ అనే ఆవిడ వంటగది. కిందటేడు ఆవిడ పోయారు. అప్పటినుంచీ ఈ వాసనకి నాకు నోరూరడం లేదు, దిగులు పుడుతోంది.

2008 వేసవిలో చదువు కోసం నార్త్ షీల్డ్స్ పక్కనున్న న్యూకాసిల్ వచ్చాను. అసలు క్లాసులకి ముందు ఇంగ్లీషు తరగతులుండేవి, అందుకని నా తోటివాళ్ళందరి కంటే ముందే దిగాల్సి వచ్చింది. మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసుండే ఇంట్లో నన్ను ఉంచనని నాన్న భీష్మించుకున్నారు. విదేశీ విద్యార్థుల్ని ఇంట్లో పెట్టుకునే స్థానిక కుటుంబాలుంటాయని యూనివర్సిటీ వాళ్ళు చెబితే, అయితే అదే ఖాయం చెయ్యమన్నారు. ఇంగ్లీషువాళ్ళింట్లో ఉంటే ఇంగ్లీషు ముక్కలు రాలతాయని ఆయన ఆశ. తీరా చూస్తే నన్ను ఇంగ్లండు పంపి నార్వే ఆవిడ చేతిలో పెట్టారు. మెట్రో స్టేషన్‌కి నన్ను తీసుకెళ్ళడానికి వచ్చినాయన పేరు కెన్, మారిట్ భర్త. నది మీద ఓడల్ని లాగే టగ్గు పడవల్లో పనిచేసి రిటైరైన మనిషి. ఎవరినైనా 'పెట్' అని పిలిచేవారు. అక్కడ అది మనం 'అమ్మాయ్' అన్నట్టే గానీ, ఆ సంగతి తెలిసేదాకా నన్ను పెంపుడు జంతువుతో పోలుస్తున్నారేమోనని లోలోపల ఉడికిపోయాను. ఇంటి తలుపు తీసింది మారిట్. పొడుగ్గా, ఎముకలు తేలిన చెంపలతో, ముంజేతుల దాకా పిండి అంటుకుని ఉన్నారు. "సూయాతా?" అన్నారు నన్ను చూసి. సుజాతని అన్నాను. వాళ్ళ భాషలో ఇంగ్లీషు 'జె' అక్షరం 'య' లాగే పలుకుతుందట. చివరిదాకా నేను సూయాతనే. లోపల పొయ్యిలో బన్నులు కాలుతున్నాయి, వాటిలోంచి యాలకుల వాసన. రెండు విమానాలు మారి, వేసవైనా చలికి భయపడి తొమ్మిది పొరల బట్టలేసుకుని, ఊరుగాని ఊరొచ్చి, ఆ గుమ్మంలో నిలబడి భోరుమన్నాను.

"ఏమైంది? దారిలో ఎవరైనా ఏమైనా అన్నారా?" అని కంగారుపడ్డారావిడ.

"లేదండీ. మా ఇంటి వాసన వస్తోంది."

"ఇది మా ఇంటి వాసన," అన్నారు ఆవిడ కాస్త పౌరుషంగా. తరవాత నవ్వి, చేతిలో వేడి బన్ను పెట్టారు.

ఆవిడని పిలవడం దగ్గరే మొదటి పేచీ వచ్చింది. మారిట్ అని పిలువమన్నారు. మా అమ్మ కంటే పెద్దావిడని పేరు పెట్టి పిలిస్తే నా నాలుక ఊడిపోతుందన్నాను. మరేం పిలుస్తావన్నారు. ఆంటీ అంటానన్నాను. "నేను నీ పిన్నినీ కాదు, అత్తనీ కాదు కదా?" అని ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయారు. మా ఊళ్ళో బస్సులో పక్క సీటావిడ కూడా ఆంటీయేనని చెప్పాను. చివరికి మారిట్ ఆంటీ దగ్గర రాజీపడ్డాం. కెన్‌ని అంకుల్ అంటే మాత్రం ఆయన మారు మాట్లాడకుండా మురిసిపోయారు.

రెండో పేచీ పేచీ కూడా కాదు, ఆకలి. మన ఇళ్ళలో ఎవరైనా వడ్డిస్తామంటే మొదట వద్దనాలి. అది మర్యాద. వాళ్ళు బలవంతం చెయ్యాలి, మనం మళ్ళీ వద్దనాలి, వాళ్ళు ఇంకా బలవంతపెట్టి విస్తట్లో వెయ్యాలి, మనం అయ్యో అంటూ తినాలి. ఇదంతా పుట్టుకతో వచ్చినట్టు వచ్చేస్తుంది, ఎవరూ నేర్పక్కర్లేదు. మారిట్ ఆంటీ ఇంట్లో మొదటి రాత్రి భోజనాల దగ్గర ఆవిడ గిన్నె ఎత్తి, "ఇంకో చేపముక్క వేసుకుంటావా?" అన్నారు. "వద్దండీ, చాలు," అన్నాను. గిన్నె నన్ను దాటి కెన్ అంకుల్ దగ్గరికి వెళ్ళిపోయింది. నా కళ్ళు దాని వెంటే వెళ్ళాయి గానీ అది తిరిగి రాలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. అమ్మకి ఫోన్ చేసి గోల పెట్టాను.

"అమ్మా, వీళ్ళు ఒకసారడిగితే మళ్ళీ అడగరే!"

"మొహమాటపడి చస్తే ఎవరేం చేస్తారే? నోరు తెరిచి పెట్టమను."

"నా వల్ల కాదమ్మా, సిగ్గేస్తంది."

"అయితే పస్తుండు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆవిడ నీకు అమ్మ కూడా కాదు," అని ఫోన్ పెట్టేసింది.

వారం తిరిగేసరికి నేను మేడమెట్ల మీద కూర్చుని, ఊరి నుంచి తెచ్చుకున్న జంతికలు చప్పుడు కాకుండా నమలడం కెన్ అంకుల్ కంటపడింది. ఆయన వెళ్ళి భార్యకి చెప్పారు. ఆవిడ మెట్ల కింద నిలబడి, పాలిపోయిన మొహంతో, "నువ్వు వద్దన్నావు కదా?" అన్నారు.

"అది మొదటి వద్దండీ," అన్నాను.

"మొదటి వద్దా! మొత్తం ఎన్నుంటాయి?"

"మూడోది నిజం."

మనిషిని ఒక మాట అడిగి, అది అబద్ధమనుకుని మళ్ళీ అడగడం వాళ్ళ దేశంలో అవమానించడమేనట. అయినా ఆ రోజు నుంచీ నా కోసం మూడుసార్లు అడిగేవారు. "సూయాతా, ఇది రెండోసారి. ఇది మూడోసారి, ఇప్పుడు నిజం చెప్పు," అని గరిటె పట్టుకుని లాయరులా నిలబడేవారు. కెన్ అంకుల్ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు.

నా వంతు నేర్చుకోవాల్సింది కూడా ఒకటుంది. ఆ ఇంట్లో భోజనం ముగిశాక వండినవాళ్ళ వైపు తిరిగి 'టక్ ఫొర్ మాటెన్' అనాలి. భోజనం పెట్టినందుకు కృతజ్ఞత అని. దానికి వండినవాళ్ళు 'వెల్బెకొమ్మె' అంటారు, తిన్నది ఒంటికి పట్టాలి అని. నేను మొదట్లో కంచం కడుక్కుని గమ్మున వెళ్ళిపోయేదాన్ని. వంట నచ్చలేదని ఆవిడ బాధపడుతున్నారని నాకేం తెలుసు? మా అమ్మకి థాంక్స్ చెబితే, నన్ను పరాయిదాన్ని చేశావా అని వీపు మీద ఒక్కటి వేస్తుందని చెప్పాను. ఆవిడ వెంటనే, "నాకు చెప్పు. నేను కొట్టను," అన్నారు. కెన్ అంకుల్‌కి వాళ్ళావిడ భాషలో వచ్చింది ఆ ఒక్క ముక్కే. రోజూ భోజనమవగానే గొంతు సవరించుకుని, ప్రార్థన చేసినట్టు అనేవారు. నాకు క్రమంగా ఇంకొన్ని మాటలు పట్టుబడ్డాయి. పాలు, రొట్టె, ఉప్పు, చేప, వేడి, చల్లన, ఇంకొంచెం, చాలు. బల్ల దగ్గర కూర్చున్నంతసేపూ ఆవిడ అవన్నీ వాళ్ళ భాషలోనే అడిగేవారు, నేను అందించేదాన్ని. ఆ మాటలు పలుకుతున్నప్పుడు ఆవిడ మొహం ఇంకొకరి మొహంలా, వయసు తగ్గినట్టుండేది.

ఆ ఇంటి ముందు గది కిటికీలోంచి నది మొగ కనిపించేది. నార్వేలోని బెర్గెన్‌కి వెళ్ళే పెద్ద ఓడ ఆ కిటికీ ముందు నుంచే పోయేది. పెళ్ళయి మారిట్ ఆంటీ వచ్చిందీ ఆ దారినే, పుట్టింటికి వెళ్ళొచ్చిందీ ఆ దారినే. విమానం ఒకసారి ఎక్కి, తలుపు వెయ్యకముందే ఊపిరాడక దిగిపోయారట. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఓడ కదిలే సాయంత్రాల్లో పని ఆపుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, తెల్లటి టేబుల్ గుడ్డ ఒకటి దులిపినట్టు ఊపేవారు. ఓడలో తెలిసినవాళ్ళెవరూ ఉండరు. ఎందుకలా అని అడిగితే, "ఎప్పుడైనా ఎక్కవచ్చు అని గుర్తుంచుకోవడానికి," అన్నారు. నేనొచ్చిన ఏడాదే, వేసవి పోతుండగా, ఆ ఓడ ఆపేశారు. గిట్టుబాటు కావడం లేదట. చివరి ఓడ వెళ్ళే రోజు ముగ్గురం గట్టు మీదికి వెళ్ళాం. ఆవిడ గుడ్డ తెచ్చారు గానీ ఊపలేదు, మడతపెట్టి ఛాతీకి ఆనించుకుని నిలబడ్డారు. ఓడ కనుమరుగయ్యాక కెన్ అంకుల్ మెల్లగా, "విమానాలున్నాయి కదా, పెట్," అన్నారు. ఆవిడ ఆయన వైపు చూడలేదు. నాతో అన్నారు: "ఇన్నాళ్ళూ నేను ఇక్కడ ఉంటున్నాను అనుకున్నాను, సూయాతా. ఇవాళ్టి నుంచి ఇక్కడ ఉండిపోయాను." ఇరవై రెండేళ్ళ నాకు ఆ రెండిటికీ తేడా తెలియలేదు. ఇప్పుడు తెలుసు, తెలిసి ఏం చెయ్యగలను.

ఆ ఏడు క్రిస్మస్‌కి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు లిండా వచ్చింది. నలభై దాటిన మనిషి, లండన్ దగ్గరెక్కడో స్కూల్లో టీచరు. బల్ల దగ్గర నేనూ వాళ్ళమ్మా ఉప్పు, రొట్టె అంటూ అందించుకోవడం చూసి ఫోర్కు కింద పెట్టేసింది. "నాకెప్పుడూ నేర్పలేదేం, మమ్?" అంది. కోపంగా కూడా కాదు, చిన్నపిల్లలా అడిగింది. మారిట్ ఆంటీ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ తరవాత గిన్నెలు తుడుస్తూ నాకు చెప్పారు. లిండాకి మాటలు ఆలస్యంగా వచ్చాయట. ఇంటికి వచ్చి పిల్లల్ని చూసి వెళ్ళే నర్సు, రెండు భాషలతో పిల్ల తికమక పడుతోంది, నీ భాష ఆపెయ్యమందట. అత్తగారు కూడా అవునందట. ఆవిడకి అప్పుడు ఈ దేశమే కొత్త, ఎదురుచెప్పే నోరెక్కడిది? ఆపేశారు. ఆదివారం ఆదివారం బెర్గెన్‌లోని అక్కతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మాత్రం గది తలుపు మూసుకునేవారట, పిల్ల చెవిన పడకుండా. పిల్ల పెద్దదై వెళ్ళిపోయినా తలుపు మూసే అలవాటు పోలేదు. "తలుపు అవతల కూర్చుని వినేదట. మొన్న చెప్పింది," అన్నారు, తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడుస్తూ.

నేను ఇంటికి ఫోన్ చేసేటప్పుడు పెరట్లోకి వెళ్ళేదాన్ని, వాళ్ళకి ఇబ్బందని. మర్నాడు అలాగే వెళ్ళబోతుంటే మారిట్ ఆంటీ అడ్డం నిలబడ్డారు. "ఈ ఇంట్లో ఇకమీదట ఎవరూ తలుపవతలకి వెళ్ళి మాట్లాడరు. కూర్చో. గట్టిగా మాట్లాడు," అన్నారు. ముందు గదిలో ఆవిడ అల్లుకుంటూ పక్కనే కూర్చునేవారు, నేను అమ్మతో ఆవకాయ నుంచి ఆడపడుచు దాకా అన్నీ అరిచి మాట్లాడేదాన్ని. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆవిడకి ఆ చప్పుడు కావాలి. నన్ను నన్నుగా ఉంచింది ఆ గది. ఈ దేశంలో ఇన్నేళ్ళుగా రైల్లోనైనా, ఆఫీసులోనైనా, డాక్టరు దగ్గర వరసలో కూర్చున్నప్పుడైనా, గొంతు తగ్గించకుండా తెలుగు మాట్లాడుతున్నానంటే అది ఆవిడ పెట్టిన భిక్షే.

చదువు పూర్తయ్యేసరికి ఉద్యోగాలు ఆవిరైపోయాయి. బ్యాంకులు కూలిన కాలం అది. ఎక్కడికి వెళ్ళినా మొహమ్మీదే తలుపేసేవారు, పైన వీసా గడువు. గోరుచుట్టు మీద రోకటిపోటులా అదే చలికాలం నాన్నకి గుండె ఆపరేషన్. నేను కర్టెన్లు తియ్యడం మానేశాను. పగలంతా పడుకునే ఉండేదాన్ని. చచ్చిపోతే బాగుండునని కూడా అనిపించింది, దాచడమెందుకు. ప్రతి ఆదివారం మారిట్ ఆంటీ తలుపు కొట్టి, ధైర్యవచనాలేమీ చెప్పకుండా, "బూట్లు వేసుకో," అనేవారు. టైన్‌మౌత్ తీరం వెంట నడిచేవాళ్ళం. గాలి చెంపల మీద కొట్టినట్టుండేది. కొంతదూరం పోయాక ఒక రాయి మీద కూర్చుని జేబులోంచి ఒక కమలాపండు, ఒక చాక్లెట్టు తీసేవారు. ఆదివారం నడకలో ఆ రెండూ తినడం వాళ్ళ దేశాచారం. తొక్క తీసి సగం నాకిచ్చేవారు. "అంతా సర్దుకుంటుందంటారా ఆంటీ?" అని ఒకసారి అడిగాను. "తెలియదు. కొన్ని సర్దుకోవు. పండు తిను," అన్నారు. ఎందుకో ఆ జవాబే నన్ను నిలబెట్టింది. అందరూ అంతా మంచికే అంటున్న రోజులవి, ఒక్కరైనా నిజం చెప్పారు.

చివరికి 2010లో బేసింగ్‌స్టోక్‌లో ఒక ఇన్సూరెన్సు కంపెనీలో ఉద్యోగం దొరికింది. వెళ్ళే రోజు గుమ్మంలో 'వెళ్ళొస్తాను' అన్నాను తెలుగులోనే. మా వైపు వెళ్తున్నా అని ఊరికే అనం, తిరిగొస్తామనే మాట కూడా అందులోనే కలుపుతాం అని వివరించాను. ఆవిడకది ఎంతో నచ్చింది. "మేం మళ్ళీ కలిసినప్పుడు 'టక్ ఫొర్ సిస్ట్' అంటాం. కిందటిసారి కలిసినందుకు కృతజ్ఞత అని. నువ్వు వెళ్ళేటప్పుడు నీ మాట చెప్పు, వచ్చినప్పుడు నేను నా మాట చెబుతాను," అన్నారు. అలాగే జరిగింది. పెళ్ళయ్యాక మా ఆయన రవితో వెళ్ళినప్పుడూ, అన్విని చంకనేసుకుని వెళ్ళినప్పుడూ, తలుపు తీయగానే ఆవిడ మొదటి మాట అదే. ఎన్నో ఇళ్ళు మారాను గానీ నాకు పుట్టిల్లు అనిపించే గుమ్మం ఈ దేశంలో అదొక్కటే.

2015 ప్రాంతంలో ఆవిడకి మతిమరుపు జబ్బు మొదలైంది. మొదట తాళాలు, పేర్లు. తరవాత ఇంగ్లీషు పోవడం మొదలుపెట్టింది. చివర నేర్చుకున్నది ముందు పోతుందట. నేను నేర్పిన 'వెళ్ళొస్తాను' అన్నిటికంటే ముందే పోయి ఉంటుంది. ఒకరోజు ఆఫీసులో ఉండగా కెన్ అంకుల్ ఫోన్ చేశారు. "పెట్, పొద్దుటి నుంచీ వాళ్ళ భాషలోనే మాట్లాడుతోంది. నేనేమన్నా నా మొహం చూస్తోంది. ఏం చెయ్యను?" అన్నారు. ఆ గొంతులో అంతటి భయం నేనెప్పుడూ వినలేదు. అన్నేళ్ళు ఒకే మంచం మీద పడుకున్న మనిషి ఒక్క పూటలో పరాయి దేశమైపోతే ఎవరికి చెప్పుకుంటారు? బెర్గెన్‌లోని అక్క అప్పటికే పోయారు. ఆయన ఒంటరిగా చూసుకోలేని స్థితి వచ్చాక కేర్ హోమ్‌లో చేర్చారు. అక్కడివాళ్ళు ప్రయత్నం చెయ్యలేదనను. ఆ భాష వచ్చిన మనిషిని ఫోన్‌లో పిలిపించారు. ఆ డబ్బాలోంచి వచ్చే గొంతుకి మారిట్ ఆంటీ బెదిరిపోయి దుప్పటి మొహం మీదికి లాక్కున్నారు. పైగా ఆవిడది పడమటి తీరంలో ఏదో దీవి యాస, ఆ ఫోన్ మనిషికి సగం తెలియలేదట. నేను వీలైనప్పుడల్లా రైలెక్కి వెళ్ళేదాన్ని. ఒకసారి వెళ్ళేసరికి కెన్ అంకుల్ మంచం పక్కన కుర్చీలో కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకుని, తనకొచ్చిన ఆ ఒక్క ముక్కనే మళ్ళీ మళ్ళీ అంటున్నారు. టక్ ఫొర్ మాటెన్. టక్ ఫొర్ మాటెన్. నన్ను చూసి సిగ్గుపడి, "నాకింకోటి రాదు. అడిగి నేర్చుకుందామని ఎప్పుడూ తోచలేదు, తనకి ఇంగ్లీషు వచ్చు కదా అనుకున్నాను," అన్నారు.

ఆఖరుసారి వెళ్ళింది కిందటేడు. లిండా రమ్మని కబురుపెట్టింది. "రెండు రోజులుగా ఏదో అడుగుతోంది. ఒకే మాట. నీకు తెలుస్తుంది, నువ్వు రా," అంది. ఆ గదిలోకి వెళ్ళాను. కిటికీలోంచి నది కనిపించదు, కార్లు కనిపిస్తాయి. ఆవిడ ఎండిపోయి ఉన్నారు. టక్ ఫొర్ సిస్ట్ అంటారేమోనని గుమ్మంలో ఒక్క క్షణం ఆగాను. అనలేదు. నేను దగ్గరికి వెళ్ళగానే మణికట్టు పట్టుకుని, నా కళ్ళలోకి చూస్తూ ఒక పొడుగాటి మాట అన్నారు. చివర్లో గొంతు పైకి లేచింది, అది ప్రశ్నే. లిండా నా భుజం పట్టుకుంది.

"ఏమంటోంది? చెప్పు. ఏమడుగుతోంది?"

నాకు తెలియలేదు. కాఫీయా అన్నాను ఆవిడ భాషలో. తల అడ్డంగా ఊపారు. నీళ్ళా? పాలా? రొట్టె? చల్లగా ఉందా? ఒక్కొక్కదానికీ తల ఊపుతూనే ఉన్నారు, ఓపిగ్గా, మందబుద్ధి పిల్లకి చెబుతున్నట్టు. మళ్ళీ అదే ప్రశ్న అడిగారు. నా దగ్గరున్న మాటలన్నీ బల్ల మీద పరిచేశాను. అయిపోయాయి. నాకు తెలిసిన భాషంతా అన్నం పెట్టే భాష, ఆవిడ అడుగుతున్నది తిండి కాదు. ఎవరినో అడుగుతున్నారేమో, ఇంటికి తీసుకెళ్ళమంటున్నారేమో, క్షమించమంటున్నారేమో, ఎందుకిలా అయిందని అడుగుతున్నారేమో. మూడోసారి అడిగారు. ఆ తరవాత అడగడం మానేశారు. మణికట్టు వదిలేశారు. మూడోదే నిజమని, ఆ పైన అడగనక్కర్లేదని ఆవిడకి నేర్పింది నేనే.

"తెలియదు, లిండా," అన్నాను.

లిండా గోడవైపు తిరిగి ఏడ్చింది. "నేను తలుపు దగ్గర కూర్చునేదాన్ని. నాకు కూడా తెలియదు," అంది. కెన్ అంకుల్ టోపీ చేతుల్లో నలుపుతూ నిలబడ్డారు. ఆ గదిలో ఆవిడ భర్త, ఆవిడ కన్నబిడ్డ, ఆవిడ చేతి అన్నం తిన్న నేను, ముగ్గురం ఉన్నాం. అయినా అక్కడ ఆవిడకి ఎవరూ లేరు. ఏం చెయ్యాలో తోచక, వంగి, చెవి దగ్గర టక్ ఫొర్ మాటెన్ అన్నాను. వెంటనే, ఇంటికొచ్చినవాళ్ళకి చెప్పినట్టు మర్యాదగా, "వెల్బెకొమ్మె," అన్నారు. మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. ఆ వారంలోనే పోయారు. ఆవిడ ఏమడిగారో ఈ భూమి మీద ఎవరికీ తెలియదు, ఇక తెలియదు.

అంత్యక్రియల తరవాత గట్టు మీది ఇంటికి వెళ్ళాం. కొన్న శాండ్‌విచ్‌లు, కొన్న కేకు. వంటగదిలో పొయ్యి చల్లగా, ఏ వాసనా లేకుండా ఉంది. తిన్నాక అలవాటు కొద్దీ నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను, ఎవరికి చెప్పను? బయల్దేరేటప్పుడు గుమ్మంలో కెన్ అంకుల్‌కి వెళ్ళొస్తాను అన్నాను. ఆయన తలూపారు, అర్థమేమిటని అడగలేదు. ఇప్పుడాయన లిండా దగ్గర ఉంటున్నారు, ఇల్లు వేరేవాళ్ళది. నేను తిరిగి వెళ్ళే గుమ్మం లేదు.

పాయసం ఉడికింది. పుట్టినరోజుకొచ్చిన పిల్లలంతా కేకు తిని వెళ్ళిపోయారు. రవి వాళ్ళని దింపడానికి కారు తీశాడు. నేనూ అన్వీ బల్ల దగ్గర మిగిలాం. మారిట్ ఆంటీ మాట నేను జవదాటలేదు. ఈ ఇంట్లో తలుపు ఎప్పుడూ మూయలేదు, దాని పుట్టుక నుంచీ దానితో తెలుగు తప్ప మాట్లాడలేదు. అది వింటుంది, ఇంగ్లీషులో జవాబిస్తుంది. స్కూల్లో వేసిన నాటకం గురించి, కొత్త స్నేహితురాలి గురించి, రాత్రి వచ్చిన పీడకల గురించి, అన్నీ ఇంగ్లీషులోనే. తెలుగు వచ్చేది ఒక్క కంచం ముందే. అన్నం, పాలు, పెరుగు, నీళ్ళు, ఇంకొంచెం, వద్దు, చాలు, తిను. ఒకరోజు ఆ మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టబోయి, అవి నాకెక్కడో తెలిసిన వరసే అని గుర్తుపట్టి ఆపేశాను. ఆవిడ తలుపు మూశారు, నేను తీసే ఉంచాను. వచ్చి చేరింది మాత్రం ఇద్దరం ఒకే వంటింట్లోకి. రేపు నా ఇంగ్లీషు కూడా ముందు పోతుంది. ఒక కిటికీ పక్కన మంచం మీద పడుకుని నేనూ దీని మణికట్టు పట్టుకుంటాను. అప్పుడు ఇది నాకు పాలా, పెరుగా, నీళ్ళా అని అడుగుతుంది.

"అన్వీ," అన్నాను. "నాకు చాలా దిగులుగా ఉందే."

చెంచా ఆపి నా మొహంలోకి చూసింది. దిగులు అనే మాట దానికి తెలియదు. అడిగితే ఇంగ్లీషులో చెబుదును, కానీ అడగలేదు. నా కళ్ళలో నీళ్ళు చూసి, మాటలెక్కడున్నాయో వెతుక్కుని, తనకున్నవాటిలోంచి ఒకటి ఏరి తీసింది. తన పాయసం గిన్నె రెండు చేతులతో నా వైపు తోసి, "తిను, మమ్మీ," అంది.

తిన్నాను.